అలుగు కాలికి కట్టిన తాడు

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం తింటాను, నవ్వుతాను, పుస్తకాలు చదువుతాను. అది మాత్రం కదలదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి.

మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో నేను గుమస్తాకు సహాయకుణ్ణి. కూలీలుండే లైన్ల ఇళ్లలో పుట్టి, ఎవరూ నేర్పకుండా ఇంగ్లీషు చదువు పట్టుకున్నవాణ్ణి. ఆదివారం వస్తే పట్నంలోని పఠనమందిరంలో తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. ఆ గర్వం నాకు చాలా ఉండేది. ఇప్పటికీ ఉందేమో.

తోటను నడిపే మా తెల్లదొరకు ఫొటోల పిచ్చి. ఏదో పత్రికలో ప్లాటిపస్ ఫొటో చూశాడు. బాతు ముక్కు ఉండి, గుడ్లు పెట్టి, పిల్లలకు పాలిచ్చే ఆ వింత జంతువును ఆస్ట్రేలియాలో ఎవరో ఏటి ఒడ్డున, దాని మానాన అది తిరుగుతుండగా తీశారట. అలాంటి ఫొటో తనూ ఒకటి తీయాలన్నాడు. ఇక్కడ ప్లాటిపస్ లేదు, అలుగు ఉందని చెప్పింది నేనే. ఒంటినిండా పొలుసులున్నా అది బల్లి జాతి కాదని, పిల్లను తోక మీద మోసుకు తిరుగుతుందని చదివింది చదివినట్టు అప్పజెప్పాను. పిల్లతో స్వేచ్ఛగా తిరిగే అలుగును చూపిస్తే, బంగళాలోని తన పుస్తకాల బీరువా నాకు తెరిచి ఉంచుతానన్నాడు. ఆ మాట విన్నాక నాకు మరేమీ కనబడలేదు.

దాన్ని కనిపెట్టింది అప్పన్న. పక్కింట్లో ఉండేవాడు, రబ్బరు పాలు తీసేవాడు. చుట్టరికం లేకపోయినా నాకు అన్న. తెల్లారి చెట్లు గీయడానికి వెళ్తుంటే, వాగు పక్కన కూలిన మాను కిందికి దూరుతూ కనబడిందట. తోక మీద పిల్ల. దొరకు కబురు పంపి, అప్పన్నతో వాగు దగ్గరికి వెళ్లాను. అలుగు వెనక కాలికి తాడు కట్టి, తాడును ఆకుల కింద దాచమని అప్పన్నతో అన్నాను. లేకపోతే కెమెరా నిలబెట్టేలోగా పొదల్లోకి పోతుంది.

అప్పన్న వెనక్కి తగ్గాడు. అతని భార్య పైడమ్మ అప్పుడు నిండు చూలాలు.

“నానొల్లను తమ్ముడా. ఆడది కడుపుతో ఉంటే మొగుడు జంతువుని కట్టకూడదు. మలాయోళ్లు కూడా పంతాంగ్ అంటారు, సేయకూడని పనని.”

“ఏ పుస్తకంలో ఉందన్నా ఆ మాట?”

“నీ పుస్తకాలకేటి తెలుస్తాది? ఆటికి పెళ్లయినాదేటి, పిల్లలున్నారేటి?”

ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో ఆగి ఉండాల్సింది. “అలుగుకి బయపడిపోనాడని లైనంతా సెప్పీమంటావా?” అన్నాను.

“సెట్టుని గీసినట్టు మనిషిని మాటలతో గీసీగలవురా నువ్వు,” అంటూ అప్పన్న నార తాడు అందుకున్నాడు.

అతను కట్టిన కట్టులో వేలు దూరేంత సందు ఉంది. నేను చూశాను. ఆ తర్వాత అతను పాలు పోగుచేయడానికి తన చెట్ల వైపు వెళ్లాడు. గిన్నెల్లో పాలు గడ్డకడితే కూలీల మీద మేస్త్రీ, ఆ కంగాణీ ఊరుకోడు.

ఉండచుట్టుకున్న అలుగు మెల్లగా విప్పుకుంది. కాలు లాగింది. తాడు జారుతోంది. దొర బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని తాడు లాగి బిగించాను. కొత్త ముడేమీ వేయలేదు, అప్పన్న వేసిన ముడే బిగుసుకుంది. అది అరవలేదు. దొర కెమెరా నిలబెట్టి, దాని నల్లగుడ్డ కింద తల దూర్చాడు. తాడు కనబడుతుందా? పిల్ల జారిపడుతుందా? అలుగు ముందుకు గుంజింది, ఆగింది. ఫొటో పడింది.

“దాని మానాన అదే తిరుగుతోంది కదా?” అని దొర అడిగాడు. అవునన్నాను.

దొర వెళ్లాక అప్పన్న వచ్చి తాడు విప్పాడు. కాలు కోసుకుపోయి, పాదం లోపలికి తిరిగి ఉంది. అతను నా వైపు చూడలేదు. తన చేతులు చూసుకున్నాడు. అలుగు పిల్లను మోసుకుంటూ, కుంటుకుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది. బతికిందో లేదో తెలియదు.

కొన్నాళ్లకు పైడమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఒక పాదం లోపలికి తిరిగి ఉంది. “ఏటి సేసినావయ్యా, ఎవరి కాలికి కట్టినావు?” అని ఆమె మొగుణ్ణి అడగడం పలచటి గోడ ఇవతల నాకు వినబడింది.

ఉయ్యాల కట్టడానికి అప్పన్న నన్నే పిలిచాడు. “నా సేతి కట్టు మంచిది కాదు తమ్ముడా. నువ్వు కట్టు.” దూలానికి తాడు వేసి కట్టాను. ఈ చేతులతోనే. అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఫొటో అబద్ధమని దొరకు తెలుస్తుంది, బీరువా మూతపడుతుంది. అందుకేనా? అందుకే.

జంతువును కడితే కడుపులో బిడ్డకు తగులుతుందన్న ఆ నమ్మకం నాకు లేదు. పాదం కడుపులోనే అలా ఏర్పడిందని, తాడుకూ దానికీ సంబంధం లేదని అప్పన్నకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ బీరువాలోని పుస్తకాలు చదివి మరీ చెప్పాను. మరి సంబంధమే లేనప్పుడు, తాడు బిగించింది నేనని చెప్పడానికి నాకెందుకు భయం? నమ్మకం లేని నాకు ఆ నింద మోయడం తేలికే కదా, నమ్మినవాడి నెత్తిన దాన్ని ఎలా వదిలేశాను?

దొర స్వదేశం వెళ్లిపోయాడు. అప్పుడూ చెప్పలేదు. రబ్బరు ధర పడిపోయి కూలీలను ఇండియాకు తిప్పి పంపిన రోజుల్లో అప్పన్న కుటుంబమూ బయలుదేరింది. స్టేషనులో మూటలన్నిటికీ పైడమ్మే తాళ్లు కట్టింది. అప్పన్న నన్ను పక్కకు పిలిచాడు.

“సదువుకున్నోడివి. నిజం సెప్పు తమ్ముడా. ఆ దినం నాను మరీ బిగించీసినానేటి?”

ఒక్క మాట చాలు అతనికి. నేను మళ్లీ కడుపులో ఎముకలు ఎలా పెరుగుతాయో చెప్పడం మొదలుపెట్టాను. రైలు వచ్చేదాకా అతను ఓపిగ్గా విన్నాడు. తలూపాడు. ఎక్కాడు.

అతనికి చెప్పాల్సింది ఇది: లేదన్నా. నువ్వు వదులుగానే కట్టినావు. బిగించింది నేను.

అతని ఊరు ఎక్కడో నాకు తెలుసు. అయినా ఈ మాట ముందుగా అతనికి కాక, ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. ఇందులో ఉన్న పిరికితనం నాకు కనబడుతూనే ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు చేయగలిగింది కాదు. ఇన్నాళ్లకు ఒకరితో అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.