కరెంటును రానిచ్చి, వేడిని ఆపేది

మొన్న ఒక పరిశోధనశాలలో పాతికేళ్ల అమ్మాయి నాకు వేలెడు పొడవున్న నల్లటి కడ్డీ చూపించింది. దాని ఒక కొస ఎర్రగా కాగుతున్న దిమ్మలో ఉంది. రెండో కొస ముట్టుకోమంది. భయపడుతూనే వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉందంతే. దానికి కట్టిన తీగల చివర మాత్రం, ఆ వేడికే పుట్టిన కరెంటుతో చిన్న దీపం వెలుగుతోంది. "ఇందులో కరెంటు పోతుంది మేడం, వేడి పోదు. గాజులో పోయినంత కూడా పోదు" అని ఆ అమ్మాయి చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇలాంటిది ఒకటి ఉండి తీరాలని నా చిన్నప్పుడు మాచర్లలో ఒక టీచరు నా పక్షాన నిలబడి వాదించింది. దాని వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు, నష్టం తప్ప.

ఆమె పేరు దీవెనమ్మ. గురజాల దగ్గరి పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చి, సైన్సు టీచరైంది. పొట్టి మనిషి. గొంతు మాత్రం రెండు గదుల అవతలికి వినపడేది. మా హైస్కూల్లో సైన్సు సామాను ఉన్న బీరువాకు ఎప్పుడూ తాళమే. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున తీసి, తుడిచి, మళ్లీ వేసేవాళ్లు. ఆమె చేరిన వారానికే ఆ తాళం తీసి పారేసింది. "పగిలితే నన్నడుగుతారు. మీకేంది భయం? ముట్టుకోండి" అంది. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోమని మాకెవరూ చెప్పలేదు.

నేను అప్పుడు ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి. మా నాన్న ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో కరెంటు లేదు. ఒకరోజు టీచరు ఏదో పత్రికలో చదివిన సంగతి చెప్పింది. రష్యాలో కిరసనాయిలు దీపం చిమ్నీ చుట్టూ లోహపు రెక్కలు బిగించి, ఆ వేడితోనే రేడియో పాడిస్తున్నారట. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నాన్న షెడ్డులోంచి లావుపాటి ఇనప తీగ ముక్క, రాగి తీగ ముక్క పట్టుకెళ్లాను. రెంటినీ రెండు చివర్లా మెలిపెట్టి, ఒక ముడిని దీపం మంటలో, రెండో ముడిని తడిగుడ్డలో పెట్టాం. మధ్యలో, కొద్దిపాటి కరెంటునైనా పట్టి చూపే గాల్వనోమీటరు. ముల్లు కదిలింది. ఆ కదలిక చూసి క్లాసంతా లేచి నిలబడింది. కాసేపటికి ముల్లు మెల్లగా వెనక్కి జారిపోయింది.

"ఏందే కాశింబీ, ఎందుకు పడిందంటావు?" అని అడిగింది టీచరు.

తడిగుడ్డ పట్టుకు చూశాను. వెచ్చబడింది. "వేడి తీగెంబడి నడిచొచ్చింది టీచర్. రెండు పక్కలా వేడైపోయింది."

"మరి ఎట్టా ఆపుతావు?"

నాకు జవాబు తెలుసు. మా వాడలో పొద్దున్నే అందరిళ్లలో అగ్గిపుల్ల గీసేవాళ్లు కాదు. ఒకరింట్లో పొయ్యి రాజుకుంటే, పక్కవాళ్లు నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్లు. అరచేతి నిండా బూడిద పోసుకుని, దాని మీద నిప్పు కణిక పెట్టుకుని నేను రోజూ సుబ్బమ్మత్త ఇంటి నుంచి నడిచొచ్చేదాన్ని. చెయ్యి కాలేది కాదు. కాబట్టి వేడిని ఆపేది బూడిదే. ఇంటికెళ్లి తీగల్ని మధ్యకి కోసి, ఆ జాగాలో బూడిద దట్టించిన వెదురు గొట్టాలు బిగించాను. నా అంత తెలివైనది పల్నాడులోనే లేదనుకున్నాను.

ఆ ప్రయోగం చూడ్డానికి హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. ఆయన రాకకు కారణం వేరే. పై చదువుల్లో సైన్సు కావాలంటే కాంపోజిట్ లెక్కలు తీసుకోవాలి. ఆడపిల్లలందరినీ ఆయన జనరల్ లెక్కల్లో వేసేవారు. అది తీసుకుంటే ఆ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. టీచరు నా పేరు కాంపోజిట్ జాబితాలో రాసి పంపింది. ఆయన సంతకం పెట్టలేదు, ముందు ఈ పిల్ల తెలివేంటో చూస్తానన్నారు.

మంట వెలిగించాం. తడిగుడ్డ చల్లగానే ఉంది. ముల్లు మాత్రం చచ్చినట్టు పడుంది. బూడిదలో కరెంటు పోదని నాకు తట్టనే లేదు. క్లాసు గొల్లుమంది. హెడ్మాస్టరు గారు కూడా నవ్వారు.

"చూశారుగా టీచరు గారూ. పొయ్యికాడి తెలివి పొయ్యికాడికే. ఈ పిల్లకు జనరల్ చాలు."

నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. దీవెనమ్మ టీచరు నవ్వలేదు.

"సార్, ఇనపతీగ కరెంటును రానిస్తది, వేడినీ రానిస్తది. బూడిద రెంటినీ ఆపుద్ది. ఒకదాన్ని రానిచ్చి రెండోదాన్ని ఆపేది కావాలి. పెద్ద పెద్దోళ్లు దాని కోసమే ఎతుకుతున్నారు. ఈ పిల్ల తప్పు చేసి ఆ ప్రశ్న కాడికి వచ్చింది. మనం సరిగ్గా చేసి ఏడికొచ్చాం?"

"అట్టాంటిది లోకంలో లేదమ్మా."

"లేదని మీరు ఎతికి చూశారా?"

ఆయన విసవిసా వెళ్లిపోయారు. మర్నాడు టీచరు తన కుర్చీ తీసుకెళ్లి హెడ్మాస్టరు గది గుమ్మానికి ఎదురుగా వరండాలో వేసుకుంది. మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి అక్కడే పాఠం మొదలుపెట్టింది. ఆ గొంతుతో. ఆయన తలుపు వేసుకున్నా వినపడేది. ఇదేం పద్ధతని అడిగితే, "సంతకం అయిందాకా ఈడే చెప్తా సార్" అంది. మా నాన్న భయపడి వచ్చి, "మా కోసం మీకెందుకమ్మా ఈ గొడవ" అని బతిమాలాడు. "మీ కోసం ఎవరన్నారు మస్తాన్ గారూ? నాకూ ఇట్టాగే చాలన్నారు. అప్పుడు నేను నోరు మూసుకున్నా" అంది. ఆమె గొంతు తగ్గడం నేను విన్నది ఆ ఒక్కసారే.

నాలుగో రోజు సంతకమైంది. నెల తిరక్కుండా ఆమెకు మారుమూల బొల్లాపల్లి వైపు బదిలీ అయింది. బస్సు దగ్గర నేను వెక్కివెక్కి ఏడ్చాను. "ఏడవబాకు. నాకు చానా కోపమొస్తది" అని, బస్సెక్కి, కిటికీలోంచి మళ్లీ పిలిచింది. "నీ తర్వాత పిల్లకి సంతకం ఎవరు పెట్టిస్తారే?"

నేను ఆ కడ్డీని కనిపెట్టలేదు. ఫిజిక్సు చదివాను, ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆమె ఆ బస్సు కిటికీలోంచి అడిగినదానికి జవాబు మాత్రం తర్వాత చెబుతూ వచ్చాను. ఏ ఆఫీసులోనైనా ఒక పిల్ల కాగితం పక్కన పెట్టి "ఈమెకు ఇది చాలు" అన్నారని తెలిస్తే, ఎవరినీ పంపను. నా కుర్చీ నేనే మోసుకుని వెళతాను.