వెట్టి కాని పిలుపు

పోయిన ఆదివారం పొద్దున మేనల్లుడు ఫోన్ చేసి, "బాపు పోయిండు అత్తా" అన్నాడు. మా అన్నకు తొంభై దాటాయి, నెలరోజులుగా దవాఖానలోనే ఉన్నాడు. తెలిసిన సంగతే అయినా ఫోన్ పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. నన్ను "పిల్లా" అని పిలిచే గొంతు ఇక లేదు.

ఆయన ఇంజనీరని, కాలువలు కట్టించాడని పేపర్లో నాలుగు ముక్కలు వేశారు. నేను మీకు చెప్పాలనుకున్నది ఆయన ఇంకా ఇంజనీరు కాకముందు సంగతి.

అప్పుడు హైదరాబాదులో యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివేవాడు. రజాకార్ల గొడవలు ముదిరి చదువు ఆగిపోతే, ఇబ్రహీంపట్నం పక్కనున్న మా ఊరికి వచ్చేశాడు. ట్రంకు నిండా ఉర్దూ పుస్తకాలు, జేబులో మడత స్కేలు. పల్లీలు వలిస్తే సగం నా చేతిలో పోసేవాడు. నలుగురిలో నోరు విప్పాలంటే మాత్రం చెవులు ఎర్రబడేవి.

కొన్నాళ్లకు యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. మా దొర అంతకుముందే, వెట్టి మీద తిరగబడ్డ సంగపోళ్లకు భయపడి పట్నం పారిపోయాడు. ఊళ్లో వెట్టిచాకిరీ ఆగింది. జనం మొదటిసారి దొర ఉండే గడీ ముందు నుంచి కాళ్లకు చెప్పులతో నడిచారు.

అంతలో ముసురు పట్టి చెరువు నిండింది. కట్ట వెనక నీళ్లు ఊరుతున్నాయని తెలిసి అన్న పరుగెత్తుకుపోయి చూశాడు. ఊరే నీళ్లు ఎర్రగా ఉన్నాయట. అంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నది. కింద ఊరందరి వరి పొట్ట మీద ఉంది.

ఇంటికో మనిషి తట్ట పట్టుకుని రావాలని అన్న డప్పు వేయించాడు. కట్ట మీద నిలబడి ఎదురుచూశాడు. మా బాపు తప్ప ఎవరూ రాలేదు.

తడిసి ముద్దయి ఇంటికి వచ్చి, "చెప్తె ఇనరేంది పిల్లా? వాళ్ల పంటనే గద!" అన్నాడు.

నాకు పదహారేళ్లు. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్నాను. "ఇంటికో మనిషి రావాలె అని ఇన్నొద్దులు డప్పు ఏపిచ్చింది దొరనే గదన్నా. గదే డప్పు, గదే మాట. మళ్ల వెట్టి మొదలైందనుకున్నరు" అన్నాను.

అన్న ముందున్న రొట్టె చల్లారిపోయింది. "మరెట్ల పిలవాలె?" అన్నాడు.

"నాకేం ఎరుక? పోయి అడుగుదాం పా."

ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి వాకిట్లో అన్న నేల మీద కూర్చున్నాడు. కట్ట సంగతి చెప్పి, ఏం చేద్దామని అడిగాడు. ఒక అవ్వ మండిపడింది. "మా ఆయనను వెట్టికి గుంజకపోయినప్పుడు మీ బాపు దొర పక్కన నిలబడ్డోడే గద!"

"అవ్. నిలబడ్డడు" అన్నాడు అన్న. బాపు తరఫున ఒక్క మాటైనా అంటాడనుకున్నాను నేను. అవ్వ ఆయన్ను కాసేపు చూసి, "పొద్దుగాల నా కొడుకొస్తడు. నేను గూడ వస్త" అంది.

చివరికి పక్కింటికి వెళ్లాం. ఆ ఇంటి చాచా ఎవరి జోలికీ పోని ముస్లిం రైతు. రజాకార్లతో ఏ సంబంధమూ లేదు. అయినా సైన్యం వచ్చినప్పటి నుంచి తలుపు తీయలేదు.

"నేనొస్తె ఎవరన్న ఏమన్న అంటె, బేటా?"

"నా పక్కన నిలబడు చాచా. ఏమన్నంటె ఇద్దరం పడుదం."

మర్నాడు తెల్లారేసరికి కట్ట పొడుగునా మనుషులు. తట్టలు చేతులు మారుతున్నాయి. చాచాను చూసి ఒక యువకుడు తట్ట కింద పడేశాడు. "గీయనుంటె నేనుండ."

అందరూ ఆగిపోయారు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. ఇక నోరు పెగలదనుకున్నాను.

"చాచా మడి నీ మడి పక్కనే ఉన్నది గద" అన్నాడు మెల్లగా. "పోతె పో, నీ మీద నాకు కోపం లేదు. చాచాను మాత్రం నేను పంపియ్య." ఆ పడేసిన తట్టను తానే నింపి చాచాకు అందించాడు. చాచా నాకు అందించాడు. ఆ యువకుడు కాసేపు నిలబడి, కట్ట దిగిపోయి, మళ్లీ వచ్చి వరసలో చివర నిలబడ్డాడు.

దవాఖానలో చేరకముందు సాగర్ రోడ్డు మీది కాలేజీ పిల్లలు నాయకత్వం గురించి మాట్లాడమని అన్నను పిలిచారు. పక్కన నేనూ ఉన్నాను. "ముందుగాల పోయి వాళ్ల వాకిట్ల కూసోండ్రి. తిడితె ఇనుండ్రి. పని సంగతి తర్వాత" అని కూర్చున్నాడు. అంతేనా అన్నట్టు చూశారు పిల్లలు. అంతకు మించి ఆయనకూ తెలియదు.

ఆ కట్ట పని ముగిసిన మధ్యాహ్నం మాత్రం అన్నకు గుర్తుండేది కాదు. ఎట్లా ఉంటుంది? ఊట ఆగింది, వాన వెలిసి ఎండ కాసింది. జనం బురద చేతులు కడుక్కుని సద్దులు విప్పుతున్నారు. "ఇంజనీరు ఏడి?" అని ఎవరో వెతికారు. బోర్లించిన తట్ట మీద తల పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు అన్న. ఎవరూ లేపలేదు. పక్కన చాచా గొంతుక్కూర్చుని, తలకు చుట్టిన రుమాలు విప్పి, ఎండ అన్న ముఖాన పడకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. అవ్వ రొట్టె తుంచి, చేతులు ఖాళీ లేని చాచా నోట్లో పెట్టింది.