తొట్టెలలో ల్యాప్‌టాప్, నెత్తి మీద పదహారు కుట్లు

కొమురెల్లి నెత్తి మీద పదహారు కుట్లున్నాయి. అందులో పదకొండు ల్యాప్‌టాప్ చలవే. మిగిలిన అయిదు మాత్రం వేరు. ఎవరైనా అడగడమే ఆలస్యం, టోపీ తీసి, తల వంచి, "వేలు పెట్టి చూడు" అంటాడు.

మట్టెవాడలో అతనిది డీజే బండి. పాత ట్రాలీ ఆటో, అందులో మనిషెత్తు బేస్ స్పీకర్ డబ్బాలు రెండు, వాటి మీద పదేళ్ల ల్యాప్‌టాప్. బరాత్‌లో, అంటే పెళ్లి ఊరేగింపులో, జనం మంచి ఊపు మీదున్నప్పుడే అది ఆగిపోయేది. తెర మీద చిన్న సున్నా తిరుగుతూ ఉండేది. పాట ఆగితే తాగినవాడి చేతులకు పనుండదు. పనిలేని చేతులకు మొదట దొరికేది కొమురెల్లి. మొదటి నాలుగు కుట్లు అట్లా పడ్డవే. తర్వాతి ఏడు పోయినేడు మరిపెడలో, మొగిలయ్య పెద్ద మేనల్లుడి పెళ్లిలో. పాట మధ్యలో ఆగింది, మొగిలయ్య కర్ర ఆగలేదు.

కొమురెల్లి కూడా సాధువేం కాదు. ల్యాప్‌టాప్ మొరాయిస్తే మొండి బర్రెను కొట్టినట్టు పక్క నుంచి ఒకటి పీకేవాడు. దానికి దిష్టి తగిలింది, నిమ్మకాయ కట్టమని చెప్పింది పక్కింట్లో ఉండే నేనే, నవ్వుకుందామని. నిజంగానే నిమ్మకాయ, మూడు మిరపకాయలు దారానికి గుచ్చి ల్యాప్‌టాప్ మూలకు కట్టాడు. అవి అట్లాగే ఊగుతూ ఆరు పెళ్లిళ్లు తిరిగాయి.

ఆ ఏడు కుట్ల మీద మరిపెడలో పంచాయితీ జరిగింది. కొట్టడం తప్పే, ఆగడమూ తప్పే అన్నారు పెద్దమనుషులు. చిన్న మేనల్లుడి పెళ్లికి కూడా డీజే కొమురెల్లిదే ఉండాలని తీర్పు. మొగిలయ్య సరేనని ఒక్క మాట కలిపాడు.

"ఈసారి పాట ఆగిందనుకో కొమురెల్లిగా, నీ నెత్తి జోలికి రాను. వేళ్లు ఇరుస్త. పదింటికి పది."

ఇంట్లో అతని పెళ్లాం కట్టమ్మ తీర్పు ఇంకా చిన్నది.

"మళ్లొక్కసారి నెత్తురుతోని ఇంటికొచ్చినవో, సమ్మక్క మీద ఒట్టు, రోకలి తీస్క దంచుత."

"నన్నా?"

"నిన్ను దంచితే ఏమొస్తది? దాన్ని!"

ల్యాప్‌టాప్ పోతే బేస్ డబ్బాలు రెండూ కోళ్లగూళ్లకు తప్ప ఎందుకూ పనికిరావు. కొమురెల్లికి వేరే పని రాదు. పెళ్లి ఎల్లుండి ఉందనగా దాన్ని చంకన పెట్టుకుని రూతు దుకాణానికి ఉరికాడు.

రూతు మట్టెవాడలో కంప్యూటర్లు బాగు చేస్తుంది. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాళ్ల ముందు వరుసలో నిలబడుతుంది. మిగతా ఆరు రోజులూ ఆమె స్క్రూడ్రైవర్ విసిరితే గురి తప్పదు.

"పాటలు పెట్టేటప్పుడు దీన్ని ఏడ పెడ్తవ్ తమ్మీ?"

"బేస్ డబ్బా మీద అక్కా."

స్క్రూడ్రైవర్ అతని చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది.

"లోపల చక్రం తిరుగుతాంది! దాని మీద తగిలీ తగలకుండ సూది ఉరుకుతాంది! దడదడలాడే డబ్బా మీద పెట్టి, పైకెల్లి చెంపలు గూడ వాయిస్తవా? ఇంక సావకుండ ఉన్నదంటే దేవునికి స్తోత్రం."

"గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?"

"ఇంకోటి గూడ ఉన్నది. పాటలు ఎక్కించుడు, తీసుడు, మళ్ల ఎక్కించుడు. ఒక్కో పాట ముక్కలై మూలకొకటి పడ్డది. ఫంక్షన్ హాల్ బయట చెప్పులు చూడలే? ఒకటి గీడుంటే ఇంకోటి గాడుంటది. నీ సూది గట్ల జతలు దేవులాడుకుంట సస్తాంది. చెప్పులన్ని జతలు కలిపి వరుసగ పెట్టాలె. దాన్నే డీఫ్రాగ్ అంటరు."

"జల్ది చెయ్యి మరి!"

"జల్ది చేస్తే ఉన్నయి గూడ పోతయి."

రూతు మొదట పాటలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసింది. తర్వాత అసలు డిస్కు చెడిపోయిందేమో పరీక్ష పెట్టింది. చెడిన డిస్కును సర్దబోతే పూర్తిగా చచ్చిపోతుందట. కొమురెల్లి నెత్తి కన్నా డిస్కే నయంగా ఉందని తేలింది. ఒకే పాట పద్నాలుగు చోట్ల ఉంటే పదమూడు తీసేసింది, లోపల మసలడానికి చోటు కావాలని.

"కొత్త రకం డిస్కులకు ఈ పని చెయ్యద్దు, ఉత్తగ అరుగుతయి. నీది తిరిగే చక్రం గనుక చెప్తాన. ఇంటికి తీస్కపోయి నేను చూపిచ్చిన బటన్ ఒత్తు. అయ్యేదాక చార్జర్ గుంజద్దు, కదపద్దు, ఇంకోటి తెరవద్దు. కొట్టినవని తెలిస్తే వచ్చి నిన్ను కొడ్త."

శనివారం పొద్దున తొమ్మిదింటికి బటన్ నొక్కాడు. కర్ర పట్టుకుని ముందు కూర్చున్నాడు. పిల్లి వస్తే కర్ర లేపాడు, పాలవాడు వచ్చినా లేపాడు. పదకొండు శాతం దగ్గర అది గంట సేపు కదలలేదు. కుడిచెయ్యి దురద పెట్టింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

నలభై శాతం అయ్యేసరికి కట్టమ్మ మిక్సీతో వచ్చింది. ఆ ఇంట్లో పనిచేసే స్విచ్ బోర్డు అదొక్కటే. చార్జర్ పీకేసింది.

"ఓసి నీయవ్వ! పెట్టే! బ్యాటరీ తొమ్మిది నిమిషాలే ఉంటదే!"

అతను మీదికి దూకాడు. ఆమె గంటెతో మోకాలి మీద ఒకటి, మోచేతి మీద ఒకటి ఇచ్చింది. అతను వైరు వదల్లేదు. మిక్సీ గిన్నె కింద పడి మూత పగిలింది, పల్లీలు ఇల్లంతా ఉరికాయి. ఆరో నిమిషంలో చార్జర్ మళ్లీ బోర్డులో పడింది. ఆ రోజు పచ్చడి రోట్లో దంచింది కట్టమ్మ. పడ్డ ప్రతి దెబ్బా ఎవరి పేరు మీద పడుతోందో వాడంతటికీ తెలిసింది.

సాయంత్రానికి నూరు శాతం అయింది. కొమురెల్లి పాట నొక్కాడు. వేలు తీసేలోపే మోగింది. కట్టమ్మ లోపలికి పోయి పాత చీర తెచ్చి అతని ముఖాన కొట్టింది.

"డబ్బా మీద వద్దన్నది గద ఆ అక్క? పసిపిల్లకు కట్టినట్టు తొట్టెల కట్టు."

మరునాడు మరిపెడలో, రాత్రి డీజే వద్దని పోలీసులు చెప్పడంతో బరాత్ పట్టపగలే బయలుదేరింది. ట్రాలీ పైకమ్మీకి చీర తొట్టెల, అందులో ల్యాప్‌టాప్, మూలకు కొత్త నిమ్మకాయ. బండి వెంటే కర్రతో మొగిలయ్య.

"పిలగాడా, పిల్లనా?" అని తొట్టెలలోకి తొంగి చూశాడు.

"పాట వినుండ్రి కాకా, మీకే తెలుస్తది."

పోయినేడు ఆగిన పాటే వచ్చింది. ఆగిన చోటు దగ్గర పడుతుంటే మొగిలయ్య కర్రను రెండో చేతిలోకి మార్చుకున్నాడు. పాట ఆ చోటు దాటి పోయింది. తర్వాతి పాటా పోయింది. రెండు గంటలైనా ఒక్క పాటా ఆగలేదు.

అదే కొంప ముంచింది. పాట ఆగకపోతే చిందేసేవాడికి ఊపిరి తీసుకునే సందుండదు. ఒకడి మోచెయ్యి పెండ్లిపిల్ల తమ్ముడు మధు ముక్కు పగలగొట్టింది. కుర్చీలు లేచాయి, సీసాలు పగిలాయి. ఒకడి పన్ను రాలింది, ఇంకొకడి చొక్కా నెత్తురులో తడిసింది. అంతా తాళం తప్పకుండా, పాటకు తగ్గట్టే.

ముక్కు కారుతూనే మధు బండెక్కాడు, చేతిలో విరిగిన కుర్చీ కాలు.

"బంద్ చెయ్‌రా!"

"చెయ్యను తమ్మీ. బంద్ చేస్తే ఆయన నా వేళ్లు ఇరుస్తడు!"

మధు కుర్చీ కాలు తొట్టెల మీదికి లేపాడు. కొమురెల్లి తొట్టెల మీద బోర్లా పడ్డాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది నెత్తి మీద. నెత్తురు కారి చీర మీద పడుతున్నా కౌగిలి వదల్లేదు. అతని కడుపు కింద పాట మోగుతూనే ఉంది.

మూడో దెబ్బ పడలేదు. మొగిలయ్య మధు కాళ్లు పట్టి గుంజి కింద పడేశాడు. అదే కర్ర, ఈసారి వేరేవాడి వీపు మీద.

"మా డీజే మీద చెయ్యేస్తవారా? మా డీజే మీద!"

దవాఖానలో అయిదు కుట్లు వేశారు. కట్టుతో, నెత్తుటి చొక్కాతో, చంకలో ల్యాప్‌టాప్‌తో కొమురెల్లి ఇల్లు చేరాడు. గడపలో కట్టమ్మ, చేతిలో రోకలి.

"ఆగిందా?"

"ఆగలే. ఒక్కసారి గూడ ఆగలే."

"మరి నెత్తురేంది?"

"పాట ఆపలేదని కొట్టిండ్రు."

కట్టమ్మ రోకలిని రెండు చేతులతో పట్టుకుంది. ఒట్టు పెట్టింది సమ్మక్క మీద, తప్పడానికి లేదు.

"కింద పెట్టు," అంది.

అతను పెట్టాడు. రెండు చేతులూ దాని మీద కప్పాడు.

"చేతులు తియ్."

తీశాడు. రోకలి లేచింది. కొమురెల్లి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ధన్‌మని దెబ్బ పడింది. తెరిచి చూస్తే ల్యాప్‌టాప్ ఉన్నదున్నట్టే ఉంది. మూలన వేలాడే నిమ్మకాయ మాత్రం బండకు అతుక్కుని పచ్చడైంది. రసం చిమ్మి తిన్నగా కొమురెల్లి కంట్లో పడింది.

"అది గూడ దానిదే గద? దంచిన. ఒట్టు తీరింది," అంది కట్టమ్మ. "లొల్లి పెట్టకు. కండ్లు కడుక్కొని రా, చీర ఉతుకాలె. వచ్చే పెండ్లికి మళ్ల తొట్టెల కావాలె గద."