మీరు నిద్రపోతే నేనూ నిద్రపోయినట్టే

మేస్త్రీ మచింగురాకు ఉన్నది ఒకటే జబ్బు: పలకరిస్తే నిజమైన జవాబు కావాలి.

ముటోకో కొండల్లో పొద్దున్నే ఎవరెదురైనా "బాగా నిద్రపోయారా?" అంటారు. "మీరు నిద్రపోయుంటే నేనూ నిద్రపోయినట్టే" అనేసి ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఊరందరికీ సెకురు, అంటే తాత, అయిన మచింగురా మాత్రం పోడు. మొహంలోకి చూసి "నిజంగానా?" అంటాడు. సంతకు ఆలస్యమైనవాళ్ళు ఆయన కనబడగానే మేకల మంద వెనక నక్కుతారు.

ఆ ఏడు నార్వే నుంచి పన్నెండుమంది కాలేజీ పిల్లలు చదువూ సేవా కలిసొస్తాయని మూడు వారాలకు వచ్చారు. చెట్టుకింద చదివే ఒకటో తరగతి పిల్లలకు సెకురు చేతికింద గది కడుతున్నారు. శనివారం వాళ్ళు బస్సెక్కేస్తారు, ఆ వెనకే వానలు. శుక్రవారానికి గోడలు లేవకపోతే ఎలాగని హెడ్‌మిస్ట్రెస్ నెత్సాయ్ గుండెల్లో రాయి పడింది.

గురువారం పొద్దున సెకురు వాళ్ళలో మారెన్ అనే అమ్మాయిని అడిగాడు.

"బాగా నిద్రపోయావా, మనవరాలా?"

"లేదు సెకురూ."

ఆ ప్రశ్నకు ఆ జవాబు ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. సెకురు తాపీ కింద పెట్టేశాడు.

"అయితే నేనూ నిద్రపోలేదు. నిద్రలేని చేత్తో కడితే గోడ వంకరపోతుంది" అని చక్కా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి నెత్సాయ్‌కి ఆయన మారెన్ బస చేసిన ఇంటికప్పు మీద దొరికాడు.

"బడి గోడ మొండిగా నిలబడి ఉంటే మీరిక్కడ ఎక్కి కూర్చున్నారా?"

"రాత్రంతా ఈ రేకు దబదబలాడిందట, మేడమ్. ఆ మేకు ఇటివ్వండి."

ఒళ్ళు మండుతున్నా ఇచ్చింది.

శుక్రవారం మారెన్ దుప్పటి మడతల అచ్చు చెంపమీదే ఉండగా ఆలస్యంగా వచ్చింది. సెకురు మొహం వెలిగిపోయింది. నెత్సాయ్ కూడా తలగుడ్డ బిగించి ఇటుకలు అందుకుంది.

"మీరు బాగా నిద్రపోయారా, మేడమ్?"

"మీరు నిద్రపోయుంటే నేనూ నిద్రపోయినట్టే" అంది, తలెత్తకుండా.

గంట తిరిగేసరికి ఆవిడ పేర్చిన వరస పాములా మెలితిరిగింది. సెకురు దారానికి కట్టిన గుండు వేలాడదీసి చూసి, పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"అబద్ధం చెప్పావు తల్లీ. పన్నెండేళ్ళుగా ఊరందర్నీ అడుగుతున్నాను. నిజం చెప్పింది ఆ పిల్లొక్కతే. చెబితే కదా, ఎవరింటి రేకు ఊడిందో నాకు తెలిసేది."

నెత్సాయ్ చేతిలో ఇటుక కింద పెట్టింది. ఇన్నాళ్ళూ ఈయన్ని చాదస్తం మనిషనుకున్నందుకు సిగ్గేసింది.

"కన్ను మూతపడలేదు సెకురూ. వానొస్తే పిల్లల్ని ఎక్కడ దాచను?"

"ఇందులోనే. నువ్వెళ్ళి నీడన పడుకో."

ఆవిడ సిమెంటు బస్తాల మీద ఒరిగి గుర్రుపెట్టింది. చీకటిపడే వేళకి లేచి చూస్తే గోడలు నాలుగూ పూర్తయ్యాయి. అందులో ఒక్క వరస మాత్రం ఇంకా వంకరగానే ఉంది. ఆ నిద్రలేని రాత్రికి గుర్తుగా ఉండనీ అని సెకురు దాన్ని కావాలనే విప్పలేదట.

సోమవారం, రేకులు వేస్తూ సెకురు పైనుంచే కేకేశాడు.

"బాగా నిద్రపోయారా, మేడమ్?"

"ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను, సెకురూ. మరి మీరో?"

"ఇప్పుడు నేనూ నిద్రపోయినట్టే" అని ఆయన మేకు కొట్టాడు.