కుముదమ్మ పేరు మీద

బంగారు గనిలో ఒక మనిషికి ఒకటే బిళ్ళ. లోపలికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుపోవాలి, పైకి వచ్చాక తిరిగి బోర్డుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. గని మూతపడేదాకా ఇరవై రెండేళ్ళు ఆ బోర్డు ముందు కూర్చున్న గుమాస్తా మా పక్కింటి వాదిరాజ సారు. తమ్ముడి బిళ్ళతో దిగబోయిన అన్నను గేటు దగ్గరే ఆపి ఇంటికి తోలిన మనిషి. అలాంటివాడు ఇంత పని చేశాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆయన భార్య కుముదమ్మ దేవరనామాలు, అంటే కన్నడ భక్తిపాటలు, పాడేది. ఆమె బతికుండగానే కూతురు మేధ బెంగళూరు నుంచి వచ్చి, ఆమె పాటల క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎక్కడున్నా ఫోన్లో వినేలా హాల్లో సర్వర్ అనే పెట్టె పెట్టింది. పాటలు సర్దడం, బాగా రానివి తీసెయ్యడం కుముదమ్మే చేసుకునేది. అందుకని ఆమె పేరుతో అందులోకి వెళ్తే సర్వాధికారాలూ ఉండేవి. బూజు పట్టిన క్యాసెట్లు పారేశారు. ఇంకో కాపీ పెట్టుకోమని మేధ ఎన్నిసార్లు చెప్పినా సారు వినలేదు. ఆమె పోయాక మిగిలిన గొంతు ఆ పెట్టెలోనిదే.

చుట్టాలం, ఇరుగుపొరుగువాళ్ళం వింటామన్నాం. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు ఇమ్మంది మేధ, ముందు తాళంలాంటి యాప్ ఒకటి తెరవాలంది. గోల మొదలుపెట్టింది నేనే.

"మా టీవీలో ఆ యాప్ ఎక్కేదే లేదు సార్. పాట వినేదానికి ఇన్ని గేట్లా?"

సారు మనసు కరిగింది. తాళం తీసేసి, మా పదకొండుమందికీ కుముదమ్మ పేరు, పాస్‌వర్డే ఇచ్చేశాడు. మేధ ఫోన్లో మండిపడింది.

"అందరికీ ఒకటే బిళ్ళ ఇచ్చేసినావా నాన్నా?"

"వినేవాళ్ళు మనోళ్ళే కదమ్మా!" అని నవ్వేశాడు.

మొన్న ఆదివారం పొద్దున గోడ మీంచి ఆయన కేక వినబడింది. పరుగెత్తాను.

"ఒక్కటీ లేదప్పా! యాడ పోయినాయి?"

నూట నలభై పాటల్లో ఒక్కటీ లేదు. మధ్యాహ్నానికి మేధ వచ్చి, ఎవరు ఏం చేశారో చూపించే జాబితా తెరిచింది. నూట నలభై వరుసల్లోనూ తీసేసినవారి పేరు ఒకటే, కుముద.

సారు తెర మీదికి వంగాడు. "కుముదా?" అన్నాడు, లోపలి గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

 అంతకు ముందు వారం, నేను రోజూ పనికి పోయే మారికుప్పం రైల్లో ఎదురు సీటు పురుషోత్తమ్ అడిగాడని, ఆ పేరూ పాస్‌వర్డూ మా రైలువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. అందులో డెబ్భైమంది ఉన్నారు. వాళ్ళు ఇంకెంతమందికి పంపారో! కావాలని తీశారో, తెలియక నొక్కారో, ఎవరిని పట్టుకుని అడగాలి? చెప్పేశాను. సారు పక్కనున్న కుర్చీ నా వైపు జరిపి కూర్చోమన్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది.

"ముందు ఈ పేరు తీసేయాల నాన్నా. ఇంగా ఎంతమంది చేతిలో ఉండాదో!" అంది మేధ.

తెర మీద ప్రశ్న వచ్చింది: 'కుముదను తొలగించాలా?'

సారు మౌస్ పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మౌస్ నా వైపు జరిపాడు.

"ఇది నువ్వే నొక్కప్పా."

నొక్కాను.