నల్ల టేపు ముక్క

పెద్దల్లుడి పాత కారులో, స్టీరింగ్ బొమ్మ ఉన్న ఎర్ర లైటు మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంటుంది. బండెక్కగానే అది ఊడలేదు కదా అని బొటనవేలితో నొక్కి చూసుకుంటాడు. ఆపైన పళ్లు బిగబట్టి, బండరాయిని దొర్లిస్తున్నట్టు స్టీరింగ్ తిప్పుతాడు. మలుపు దాటాక ఏమీ ఎరగనట్టు ఈల వేస్తాడు. చిన్నల్లుడు కొత్త కారు కొన్నప్పటి నుంచి అతనికి కడుపులో ఒకటే మంట. ఆ తోడల్లుడు ఒంటిచేత్తో బండి తిప్పుతుంటే చూడలేక మొహం పక్కకి పెట్టుకుంటాడు.

మొన్న అత్తగారింటి ముందు ఆ కొత్త కారులోనూ అదే బొమ్మ ఎర్రగా వెలిగింది. "ఇదేంటన్నయ్యా?" అన్నాడు చిన్నల్లుడు. పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. "ఏం లేదు తమ్ముడూ, అన్ని బళ్లకీ వచ్చేదే. నువ్వు బయల్దేరు," అన్నాడు. అంతలో పెద్దల్లుడి భార్య తన చెల్లెలితో కబుర్లాడుతూ వచ్చి ఆ కారులోనే కూర్చుంది. బండి కదిలింది. ముందున్నది దిగుడు రోడ్డు, దాని చివర మలుపు. పెద్దల్లుడు చెప్పుల్లేకుండానే పరుగెత్తి బండికి అడ్డం నిలబడ్డాడు.

"ఆపు! మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోతుంది!"

"ఇందాక ఏం లేదన్నారుగా! మీకెలా తెలుసు?" అన్నాడు చిన్నల్లుడు బ్రేకు వేసి.

పెద్దల్లుడు తన కారు తలుపు తీసి, తాళం తిప్పి, టేపు పీకి చూపించాడు. వెనకే వచ్చిన భార్య ఆ ఎర్ర లైటు వంక చూసింది.

"రోజూ నన్నెక్కించుకుని తిరిగేది ఇందులోనేనా?"