గడ్డి రన్‌వేకి లైన్ క్లియర్

కలకత్తా పక్కన మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పైలట్‌ని నేనొక్కణ్ణే. లైసెన్సు ఎవరూ ఇవ్వలేదు. యూనిఫాం లుంగీ, బనియను. విమానం, మా అమ్మాయి ఇక పనికిరాదని ఇంట్లో పడేసిన పాత కంప్యూటరు. ప్రతి ఆదివారం ఉదయం చేపల బజారు నుంచి వచ్చి, సంచీ వంటింట్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని, పది గంటలకల్లా గాల్లోకి లేస్తాను. కిటికీ అవతల గూడ్సు బండి వెళితే నా కాక్‌పిట్ మొత్తం వణుకుతుంది. ఆ వణుకు కోసం కొందరు కుదిపే కుర్చీలు ప్రత్యేకంగా తెప్పించుకుంటారట. నాకది రైల్వే వారి కానుక.

రైల్వే వారు ఇంకో కానుక కూడా ఇచ్చారు. ఇరవై ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేశాక, షుగరు పుణ్యమా అని ఒకరోజు కంటి పరీక్షకి వెళ్ళాను. డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి, ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. చుక్కలున్నాయన్నాను. అది తప్పు జవాబట. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియకుండా పోయిన ఈ కళ్ళను నమ్మరాదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి మరీ చేతికిచ్చారు. మర్నాటి నుంచి ఫారాల గదిలో కుర్చీ. ఖాళీ ఫారాలు అడిగిన వాళ్ళకి ఖాళీ ఫారాలు ఇవ్వడం నా బాధ్యత. ఎంత పెద్ద బాధ్యతంటే, నేను సెలవు పెడితే వాళ్ళే వచ్చి ఫారాలు తీసుకుపోతారు. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ కాగితం అందుకున్న రోజు ఇంటికి నడిచి వస్తూ పట్టాల వైపు చూడలేకపోయాను.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని వంటకి సిగ్నళ్ళు ఇవ్వడం మొదలుపెట్టాను. పోపు ఇప్పుడు వెయ్యి, మూత ఇప్పుడు తియ్యి. వారం తిరక్కుండానే మా ఆవిడ సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి ఫిర్యాదు చేసింది. అమ్మాయి వచ్చి కంప్యూటర్లో విమానాల ఆట పెట్టి, ఆన్‌లైన్‌లో ఒక బృందంలో చేర్చి పోయింది. నాతో కలిపి ఏడుగురం. ఒకరి మొహం ఒకరం చూడలేదు. పపువా న్యూ గినీ కొండల్లో ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకి, ఒక్క ఇంజను చిన్న విమానాల్లో ఎగురుతాం. ఎందుకెళ్తున్నాం అని అడక్కూడదు. అక్కడ మాకెవరికీ చుట్టాలు లేరు.

బృందానికి పెద్ద ఒక బెంగాలీ ఆవిడ. భూగోళం టీచరుగా రిటైరైంది. అందరికీ దిదీ, అంటే అక్క; నేను దాదా, అంటే అన్న. రిటైరైన సంగతి ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు, ఆకాశంలో కూడా హాజరు పిలుస్తుంది. కొత్తవాళ్ళకి మూడు ఆదివారాలు పరీక్ష. మూడో వారం కొండవాలు మీది గడ్డి రన్‌వే మీద అందరితో పాటు దిగాలి. దిగలేకపోతే పేరు పక్కన 'ప్రేక్షకుడు' అని పెడతారు. చూడొచ్చు, ఎగరకూడదు. వారంలో ఆరు రోజులు ఫారాల గదిలో నేను చేసేది అదే. ఏడో రోజు కూడా అదే అంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

ఇక్కడ మా రైల్వే పద్ధతి ఒకటి చెప్పాలి. బండిని వదిలే ముందు అవతలి స్టేషను మాస్టర్ని అడగాలి. ఆయన దారి ఖాళీగా ఉందని చూసుకుని 'లైన్ క్లియర్' ఇస్తాడు. ఇచ్చినందుకు రుజువుగా రెండంకెల నంబరు చెబుతాడు. అది పుస్తకంలో రాసుకున్నాకే బండి కదలాలి. బండి చేరాక ఆఖరి పెట్టె వెనక దీపం చూసి, మొత్తం వచ్చిందని ఆయన కబురు చెయ్యాలి. మా ఆవిడకి ఈ తంతు కంఠతా వచ్చు. పెళ్ళయిన కొత్తలో నాది ఒక చిన్న స్టేషను. వాట్‌గంజ్ ఓడరేవు డాకుల్లో పనిచేసే శ్రీకాకుళం వాళ్ళింట్లో, అంత సందడిలో పెరిగిన మనిషి, క్యారేజీ తెచ్చి నేను తినేదాకా బల్ల మీద కూర్చుని ఫోనులో నా అరుపులు వినేది. అప్పట్లో ఆవిడకి నేను చూపించిన సినిమా అదే.

మొదటి ఆదివారం రన్‌వే పైన గాల్లో గుండ్రంగా తిరుగుతూ లైన్ క్లియర్ అడిగాను. ఎవరూ పలకలేదు. పలికేదాకా తిరిగాను. పెట్రోలు అయిపోయి అడవిలో పడ్డాను. రెండో ఆదివారం నా ముందు దిగినాయన్ని, "వెనక దీపం చూశారా? విమానం మొత్తం వచ్చిందా?" అని అడిగాను. సగం విమానం కొండల్లో ఊడిపోయి, తోక వెనకే ఉండిపోతుందా దాదా అని అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లో నేను మళ్ళీ అడవిలో పడ్డాను.

"ఆ పల్లెల్లో టవరూ లేదు, మాస్టరూ లేడు దాదా," అంది దిదీ. "మీ కళ్ళతో మీరే చూసుకోవాలి. ఎక్కడున్నారో రేడియోలో చెప్పాలి. దిగాలి."

మీ కళ్ళతో! ఎవరికి చెబుతోందో ఆవిడకి తెలియదు. అసలు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పైనుంచి చూస్తే అడవీ, గడ్డి రన్‌వే నాకు ఒకే రంగు. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆనదు. లైన్ క్లియర్ అని నేను చేసిన గోలలో సగం పద్ధతి, సగం భయం.

మూడో ఆదివారం ఆరుగురూ దిగిపోయారు. నేను పైన తిరుగుతున్నాను. ఆ లోయలోకి ఒకసారి దూరితే వెనక్కి తిరిగే చోటు ఉండదు. పెట్రోలు ముల్లు కిందికి జారుతోంది.

"ఏం కనిపిస్తోంది దాదా?" అంది దిదీ.

"గడ్డి."

"అయితే దిగండి."

"గడ్డేనని అనుకుంటున్నాను."

ఎవరూ నవ్వలేదు. నాకు భయం పట్టుకుంది. పడిపోతానని కాదు. ఆ కాగితం మీద రాసింది నిజమని ఆరుగురి ముందు తేలిపోతుందని.

మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి వెనక నిలబడింది. "ఏటండీ, ఇంకా గాల్లోనే ఉన్నారేటి? సారు సల్లారిపోతంది."

"దారి కనబడ్డం లేదే," అన్నాను. కాగితం వచ్చాక ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.

ఆవిడ నా భుజం మీంచి వంగి చూసింది. "ఆ గుడిసి పక్కన, లేత పచ్చగా, పంచె ఆరేసినట్టు లేదేటి? ఆల్ల ఇమానాలన్నీ పక్కకి తీసీసి ఉన్నాయి. దారి కాళీ." గరిటె కొసతో తెర మీద ఆ చోటు చూపించింది. చారు చుక్క ఒకటి సరిగ్గా రన్‌వే మొదట్లో అంటుకుంది. "లైన్ క్లియర్ ఇచ్చీసినాను. ఒచ్చీండి."

"నంబరు?" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. "ముప్పై ఎనిమిది."

పక్కనున్న పాల చీటీ వెనక రాసుకున్నాను. చారు చుక్కకి ముక్కు గురిపెట్టి లోయలోకి దిగాను. గుడిసె పెద్దదైంది. చక్రాలు ఒకసారి ఎగిరి, రెండోసారి ఎగిరి, మూడోసారి నేల పట్టుకుని, వాలు ఎక్కుతూ ఎక్కుతూ ఆగాయి. నా కాక్‌పిట్ వణుకుతోంది. ఈసారి గూడ్సు బండి ఏమీ రాలేదు.

మైకు తెరిచే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అంతా విన్నారు. తెలుగు రాకపోయినా 'లైన్ క్లియర్' అర్థమయ్యే ఉంటుంది. తర్వాత దిదీ హాజరు పిలిచింది. ఏడో పేరు నాది. పలికాను.

"వచ్చే వారం మీ స్టేషను మాస్టర్ని కూడా తీసుకురండి దాదా," అంది.

ఆ మాస్టరు అప్పటికే వంటింటి వైపు నడుస్తోంది. గుమ్మం దగ్గర ఆగి, ఆ చిన్న స్టేషనులో బల్ల మీద కూర్చుని రోజూ విన్న మాటనే నన్ను అడిగింది. "ఎనకాల దీపం సూసినారా?"

నవ్వులాటకి కాదు. నిజంగానే అడిగింది. కెమెరా వెనక్కి తిప్పి చూశాను. తోక మీద చిన్న దీపం వెలిగి ఆరుతోంది. ఏ రంగో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. బండి మొత్తం వచ్చేసిందని చెప్పాను.